ఐదో కోడలు

ధవళేశ్వరం,
6 అక్టోబరు 1998

అక్కకి నమస్కారాలు.

దసరా సెలవుల్లో పడవ మీద మీ గువ్వలలంక దాకా వస్తే మీ ఇంటికి తాళం. పిఠాపురం అత్తవారింటికి వెళ్ళావని పక్కింటావిడ చెప్పింది. ముందుగా ఒక కార్డు ముక్క రాయాల్సింది, నిజమే. కానీ తెరచాప ఎత్తి బయల్దేరినవాడు ఫలానా రోజుకి వస్తానని ఎవరికి మాటిస్తాడు చెప్పు? కాలేజీలో లెక్కలు చెప్పుకునే మనిషికి ఈ పాత పడవెందుకని శ్రీదుర్గ రోజూ అడుగుతూనే ఉంది. ఆదివారాలు పేకాటకి పోయే మొగుళ్ళకన్నా నయం కదా అని నేనూ రోజూ అదే జవాబు చెబుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. మీ ఊళ్ళో పెద్దిరాజు అనే ముసలాయన ఉన్నాడని నువ్వు నాకెప్పుడూ చెప్పలేదేం?

మీ రేవుకి ముందున్న మలుపులో నీళ్ళ మధ్య వెదురు గెడలు కనిపించాయి. ఒక్కో గెడ కొసకి ఒక్కో రంగు చీరపీలిక. చేపలవాళ్ళు వల కోసం పాతుకున్నారు కాబోలనుకుని వాటి మధ్యనుంచి పోనిచ్చాను. చిన్న దోనెలోంచి ఒక కేక. "ఏవండీ తెరసాపగారండీ! కోడలిపిల్లని అలా రాసుకుంటా పోతారేంటండీ? కుడేపుకి రండి!"

ఆయన వెనకే ఒడ్డుకి చేరాను. రెండు కళ్ళలోనూ తెల్లగా పొర. నా పడవ తాడు పట్టుకుని, "ఇక్కడ లోతెంతుంటదండీ?" అన్నాడు. రెండు బారలుంటుందన్నాను. "బారన్నరండి. తప్పు సెప్పినోళ్ళు గోదారిని సూత్తా గంటసేపు కూకోవాలి. ఇక్కడ అదే రూలండి." నవ్వాను. ఆయన నవ్వలేదు, తాడూ వదల్లేదు. పిల్లల్ని బెంచీ ఎక్కించే లెక్కల మాస్టారు గోదావరి ఒడ్డున గంటసేపు బుద్ధిగా కూర్చున్నాడక్కా!

ఆ గంటలో తెలిసిందేమిటంటే, ఆయనకి కొడుకులు లేరు. కోడళ్ళు మాత్రం పద్నాలుగు మంది. ఆ గెడలే. రోజూ తెల్లారకుండా దోనె వేసుకుని వెళ్ళి ఏటి అడుగు పొడిచి చూస్తాడు. వరదకి ఇసక మేట ఎటు జరిగితే గెడనీ అటు జరిపి పాతుతాడు. "నాలుగో పిల్లా, వొంగి నిలబడతావేంటే" అని వాటిని కేకలేస్తాడు. అన్నిటికన్నా వింత, గుడిసెకి వెళ్ళేటప్పుడు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాడు. ఏటికి వీపు చూపించడట.

ఎవరీ మనిషి? పిచ్చివాడా, మనందరికన్నా తెలివైనవాడా? వెంటనే రాయి.

నీ తమ్ముడు,
ఉదయ్‌భాస్కర్

---

గువ్వలలంక,
12 అక్టోబరు 1998

చిరంజీవి ఉదయ్‌ని ఆశీర్వదించి అక్క రాస్తున్నది.

నిన్ను గంటసేపు కదలకుండా కూర్చోబెట్టినవాడు పిచ్చివాడెలా అవుతాడురా? మన నాన్నగారి వల్లే కాలేదు ఆ పని.

పెద్దిరాజు ఒకప్పుడు లాంచీ నడిపే సరంగు. ఒకరోజు వెనక ఎవరో దెబ్బలాడుకుంటుంటే చుక్కాని పట్టుకునే వెనక్కి తిరిగి కేకలేశాడట. ఆ క్షణంలో లాంచీ మేట ఎక్కింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఒక మేక నీళ్ళలో పడి పోయింది. మర్నాడు ఉద్యోగం మానేశాడు. అప్పట్నించీ ఏటికి వీపు చూపించలేదు. మేక కోసం ఉద్యోగం మానేసిన మనిషిని ఊళ్ళో కొందరు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. నాకు మాత్రం ఆయన్ని చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆయన గెడలే ఈ ఊరికి దారి. రేవు పడవ నడిపే బుజ్జిబాబు మా స్కూలు ఆయా వీరవేణి మొగుడు. "మావ గెడ ఎక్కడ పాతితే అదే నాకు రోడ్డండి" అంటాడు, ఊరి వరసకి పెద్దిరాజుని మావా అని పిలుస్తాడులే.

కానీ కళ్ళు పూర్తిగా పోతున్నాయి, మూడేళ్ళుగా శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోమంటే బస్సెక్కడు. నువ్వొచ్చి వెళ్ళాక మాత్రం, "మీ తమ్ముడుగారి పడవ మంచిదండి పంతులమ్మగారూ, అదైతే ఎక్కుతాను" అన్నాడు. కోడళ్ళ ముఖాలు చూసి మూడేళ్ళయిందట. రాజమండ్రి కంటి ఆసుపత్రిలో మాట్లాడి తీసుకెళ్ళవూ? పుణ్యం ఉంటుంది.

ఇంకో సంగతి. పోయిన నెల పంచాయతీ పెద్ద అప్పాజీగారితో ఆయనకి మాటా మాటా పెరిగింది. రేవు దగ్గర గుడిసె తీసెయ్యమన్నారని, "నేను లేపోతే తెలుత్తది మీ ఊరికి" అనేశాడు. నాలుగు రోజులు ఊరికి దూరంగా ఉంటే ఆ వేడి కూడా చల్లారుతుంది.

అక్క,
సీతారామలక్ష్మి

---

ధవళేశ్వరం,
25 అక్టోబరు 1998

అక్కకి,

నిన్న సాయంత్రం క్షేమంగా చేరాం. రేపు ఉదయం ఆపరేషన్. నువ్వు కట్టిచ్చిన పులిహోర ఇద్దరం దారిలోనే ముగించాం.

మీ రేవులో సాగనంపడానికి ఊరంతా వచ్చిందేం! అప్పాజీగారు, "లెక్కల మాస్టారూ, తెరచాపతో ధవళేశ్వరం చేరతారా, సగం దారిలో మమ్మల్ని పిలుస్తారా?" అన్నారు, విన్నావు కదా. ఆయన నోటి చలవేమో, మలుపు తిరగ్గానే పెద్ద గాలి కొట్టి తెరచాప అడ్డబొంగు ఫెళ్ళున విరిగింది. ఎలాగో ఇంకోటి వేసుకుని వచ్చేశాను. పాతదానికన్నా ఇదే గట్టిగా ఉంది. సముద్రం గాలి వెనకనుంచి తోస్తుంటే సాయంత్రం నాలుగున్నరకల్లా ధవళేశ్వరం.

పెద్దిరాజుగారు దారి పొడుగునా మీ ఊరివైపే ముఖం పెట్టి కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. భయపడుతున్నారనుకుంటాను. శ్రీదుర్గ ఆయనకి ముందు గదిలో పక్క వేసింది.

ఉదయ్

---

గువ్వలలంక,
28 అక్టోబరు 1998

ఉదయ్,

ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న పొద్దున్న రేవు పడవ తిరగబడింది. నలుగురు పోయారు. కూరగాయలు పట్టుకుని సంతకి వెళ్ళే ఆడవాళ్ళు ఇద్దరు, ఒక ముసలాయన, మా వీరవేణి. స్కూలు పిల్లలకి పలకలు తెస్తానని వెళ్ళిందిరా. నేనే పంపాను.

సంతరోజున మాత్రమే పడవ ఆ మలుపు మీదుగా పోతుంది, బుజ్జిబాబు గెడల్ని చూసుకుంటూనే నడిపాడు. నాలుగో గెడ దాటాడు. ఎదురుగా ఆరోది కనిపించింది. మధ్యలో ఐదోది లేదు. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, అడుగు కనపడదు. మావ తీసేశాడంటే మేట జరిగిపోయి ఉంటుందిలే అనుకుని తిన్నగా పోనిచ్చాడు. మేట అక్కడే ఉంది. పడవ ముక్కు దాని మీదకెక్కి ఆగిపోయింది, ప్రవాహం పక్కనుంచి తోసి బోర్లా పడేసింది. భార్య జుట్టు చేతికి అందిందిట, జారిపోయిందిట. అదే మాట పదే పదే చెబుతున్నాడు.

ఇప్పుడు ఊరంతా పెద్దిరాజునే అంటోంది. నేను లేకపోతే తెలుస్తుంది అన్నాడు కదా, వెళుతూ వెళుతూ గెడ పీకేసి తెలిసేలా చేశాడంటున్నారు. పోలీసులు కూడా ఆయన ఎక్కడున్నాడని అడిగి వెళ్ళారు. ధవళేశ్వరంలో మా తమ్ముడింట్లో ఉన్నాడని చెప్పాను.

నువ్వు ఆయనతోనే ఉన్నావు కదా. పెద్దిరాజు ఆ గెడ పీకాడా? చూసింది చూసినట్టు రాయి. నీ ఒక్క మాట మీద ఉంది ఆ ముసలాయన బతుకు.

అక్క

---

ధవళేశ్వరం,
2 నవంబరు 1998

అక్కకి,

నీ ఉత్తరం అందింది. చాలా బాధగా ఉంది. వీరవేణి నాకు కాఫీ ఇచ్చిన మనిషి.

పెద్దిరాజుగారు గెడ పీకడం నేను చూడలేదు. వరద నీరు కదా, ఉధృతికి ఊడి కొట్టుకుపోయి ఉండవచ్చు. ఇలాంటివాటికి ఒక మనిషిని బాధ్యుణ్ణి చెయ్యడం శాస్త్రీయంగా సరికాదు. ప్రవాహ వేగం, ఇసక కదలిక, పడవలో బరువు, ఇలా అనేక కారణాలు కలిసి ఉంటాయి. బుజ్జిబాబు ఎంతమందిని ఎక్కించాడో కూడా కనుక్కోవాలి.

ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి కట్టు ఉంది. ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. డాక్టరు మనసుకి శ్రమ ఇవ్వవద్దన్నారు. పోలీసులు వస్తే అదే చెబుతాను.

కాలేజీలో పరీక్షల పని ఎక్కువగా ఉంది. వెంటనే రాయలేకపోతే ఏమీ అనుకోకు.

ఉదయ్‌భాస్కర్

---

గువ్వలలంక,
7 నవంబరు 1998

ఉదయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. నేను అడిగింది ఒక్క మాట. నువ్వు రాసింది ప్రవాహ వేగం.

మొన్న పెద్దిరాజు గుడిసె తగలబెట్టారు. పట్టపగలే. నేను వెళ్ళి అడ్డుపడితే, "మీరు తప్పుకోండి పంతులమ్మగారూ, మీకేం పోలేదు" అన్నారు. తప్పుకున్నాను. ఇంకేం చెయ్యను?

బుజ్జిబాబు మాత్రం అందులో లేడు. సాయంత్రం మా ఇంటి మెట్టు మీద కూర్చుని, "మావ ఆ పని సెయ్యడండి. కానీ గెడ కొట్టుకుపోలేదండి పంతులమ్మగారూ. ఆయన అంత పొడుగు గెడలో సగం బురదలోకి దింపుతాడు. వరద వొచ్చినా వొంగుద్ది గానీ ఊడదు. ఎవరో పీకారండి" అన్నాడు.

అతను వెళ్ళాక నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. మలుపు తిరగ్గానే అడ్డబొంగు విరిగిందని రాశావు. ఎలాగో ఇంకోటి వేసుకున్నానని రాశావు. పాతదానికన్నా గట్టిగా ఉందని కూడా రాశావు. ఐదో గెడ ఉన్నది ఆ మలుపులోనే.

నడిగోదావరిలో నీకు వెదురు బొంగు ఎవరిచ్చార్రా తమ్ముడూ?

అక్క

---

ధవళేశ్వరం,
12 నవంబరు 1998

అక్కా,

నేనే. ఐదో గెడ నేనే పీకాను.

అడ్డబొంగు విరిగినప్పుడు వెనక్కి తిప్పితే పావుగంటలో మీ రేవు. ఎవరి దొడ్లోంచైనా ఒక వెదురు తెచ్చుకుని గంటలో మళ్ళీ బయల్దేరేవాణ్ణి. కానీ రేవు నిండా జనం. అప్పాజీగారు చుట్ట కాల్చుకుంటూ అక్కడే ఉంటారు. సగం దారిలో పిలుస్తారా అన్నారు, నేను సగం దారి కూడా వెళ్ళలేదు. ఆ ముఖం వేసుకుని తిరిగి రాలేకపోయాను. అంతే అక్కా. దీనికి వేరే కారణం లేదు. నలుగురు మనుషులు పోయింది నేను నవ్వులపాలు కాకూడదని.

పడవ కొట్టుకుపోతూ ఆ గెడ పక్కకే వచ్చింది. అది దేనికి పాతారో నాకు తెలుసు. ఆ గంటసేపు కూర్చోబెట్టి ఆయన చెప్పింది అదే కదా. వారంలో ఆయన్ని తిరిగి తెస్తాను, అప్పుడు నేనే పాతేస్తానని నాకు నేను చెప్పుకున్నాను. గెడ బురద వదలడానికి చాలాసేపు పట్టింది. దాని కొసకి పసుప్పచ్చ పీలిక ఉంది. విప్పి నీళ్ళలో పారేశాను. తప్పు కాదనుకున్నవాడు ఆ పీలిక పారేస్తాడా? పెద్దిరాజుగారు "ఏంటండి ఆ సప్పుడు?" అన్నారు. ఏమీ లేదు, తాడు బిగిస్తున్నానన్నాను. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

మొన్న కట్టు పూర్తిగా తీశారు. నిన్న పొద్దున్న నీ ఉత్తరం వచ్చింది. అది చేతిలో పట్టుకునే ఆయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. పడవ సంగతి, నలుగురి పేర్లు, గుడిసె సంగతి. ఆయన నన్ను తిడతారని, కొడతారని ఎదురు చూశాను. కొడితే బాగుండేది. తన చేతుల వంక చూసుకున్నారు. ఆ తర్వాత అన్నారు.

"నాకు తెలుసండి."

"ఏం తెలుసు?"

"గెడ బురదలోంచి ఊడొచ్చే సప్పుడు నాకు తెలీదాండి? ఇన్నేళ్ళూ పీకి పాతింది నేనే గదా. తాడు బిగిత్తన్నానన్నారు. ఊరుకున్నాను."

ఎందుకు ఊరుకున్నారని అరిచాను. అవునక్కా, ఆయన మీద అరిచాను.

"అడిగితే మీరు మళ్ళీ పాతేత్తురు. పడవ ఎనక్కెళ్ళిపోయేది. ఎళ్తే మళ్ళీ ఎప్పుడు బయల్దేరతామో, అసలు బయల్దేరతామో లేదో. మూడేళ్ళనించీ మబ్బులో ఉన్నట్టుందండి నాకు. నాలుగు రోజులే గదా, బుజ్జిబాబు జాగ్రత్తగా ఉంటాడు గదా అనుకున్నాను. కళ్ళ మీద ఆశండి." మళ్ళీ ఆయనే అన్నారు. "ఇందులో సగం నాదండి. నా సగం నేనెళ్ళి సెప్పుకుంటాను. మీ సగం సంగతి నాకు తెలీదు."

ఇవాళ పొద్దున్న లేచి చూస్తే పక్క ఖాళీగా ఉంది. బస్సెక్కడం తను చూశానని పక్కవీధి పాలావిడ చెప్పింది. జీవితంలో బస్సెక్కని మనిషి.

నాకు భయంగా ఉంది అక్కా. ఉద్యోగం పోతుందని, జైలుకి పంపుతారని, శ్రీదుర్గ ముఖం ఎలా చూడాలని. ఈ ఉత్తరం అప్పాజీగారికి నువ్వే చూపించు. పోలీసులకి కూడా. నా చేత్తో రాసిందే కదా, చాలు. నేను అక్కడికి రాలేను.

ఉదయ్

---

గువ్వలలంక,
18 నవంబరు 1998

ఉదయ్,

నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందే పెద్దిరాజు వచ్చాడు.

రేవులో దిగగానే కాలిపోయిన గుడిసె వైపు చూశాడు. ముందుగా బుజ్జిబాబు ఇంటికి వెళ్ళి గుమ్మం బయట కూర్చున్నాడు. జనం చేరారు. కొందరు చేతుల్లో కర్రలు పట్టుకొచ్చారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

"ఐదో గెడ పీకిన సప్పుడు నేను ఇన్నాను. నోరు మూసుకున్నాను. కళ్ళొత్తాయి గదా అని. బుజ్జీ, నీ ఇల్లు నా ఆశ తినేసిందిరా" అన్నాడు. ఆ మాటకి కర్రలు పట్టుకున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

పీకిందెవరని అప్పాజీగారు అడిగారు. "అప్పటికి నాకు కళ్ళు లేవు గదండి. కంటితో సూడందాన్ని ఎలా సెప్పను?" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆయన చెప్పకపోతేనేం? పడవలో ఉన్నది ఇద్దరు. ఆ లెక్క నా రెండో తరగతి పిల్లలకి కూడా వస్తుంది. ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. బుజ్జిబాబు లేచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "పంతులమ్మగారండీ, ఆ రోజు పడవలో ఉన్నది మీ తమ్ముడుగారే గదండీ?" అన్నాడు. కోపంగా అనలేదురా. కాదని చెప్పమని బతిమాలుతున్నట్టు అన్నాడు.

నేను అవునన్నాను. పెద్దిరాజుని తీసుకెళ్ళమని నీకు రాసింది నేనేనని కూడా చెప్పాను. మర్నాడు స్కూలుకి పదకొండు మంది పిల్లలే వచ్చారు.

పెద్దిరాజు ఇప్పుడు మా వరండాలో పడుకుంటున్నాడు. వచ్చిన మర్నాడే తెల్లవారకముందు దోనె తీసుకుని వెళ్ళి కొత్త గెడ పాతి వచ్చాడు. ఎవరూ వద్దనలేదు, పలకరించనూ లేదు.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. ఈ కవర్లోనే పెట్టి తిప్పి పంపుతున్నాను. పీకిన చెయ్యి నీదైనప్పుడు, చెప్పే నోరు నాదెందుకవుతుందిరా? మేక పోయినందుకు ఉద్యోగం వదులుకున్నవాడు తన సగం తన నోటితోనే చెప్పుకున్నాడు. చదువుకున్నవాడివి, నీకింకా సులువుగా రావాలి మాటలు.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం పొద్దున్న ఊరివాళ్ళంతా రేవులో కూర్చుంటారు. పోలీసులు కూడా వస్తామన్నారు. నువ్వు వస్తే నీ పక్కన నిలబడతాను. ఏం జరిగినా సరే. రాకపోతే వాళ్ళ మధ్య కూర్చుంటాను, ఇక నీకు ఉత్తరం రాయను. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులతో ఈ మాట రాయడం ఎంత కష్టంగా ఉందో నీకు చెప్పనక్కర్లేదు.

అక్క

---

ధవళేశ్వరం,
23 నవంబరు 1998

అక్కకి,

శ్రీదుర్గకి అంతా చెప్పాను. కాలేజీలో సెలవు పెట్టాను, ఎన్నాళ్ళని రాయలేదు. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. నా పక్కన నిలబడకు. ఎంత ఏడుపొచ్చినా లేచి రాకు. బుజ్జిబాబు ఇంటివాళ్ళ దగ్గర, వాళ్ళ మధ్యనే కూర్చో. నేను చెప్పాల్సింది చెప్పి ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వెళ్ళిపోతాను. సోమవారం పొద్దున్న ఆ పిల్లలు నీ దగ్గరికే రావాలి.

నీ తమ్ముడు,
ఉదయ్